పసుపు రాసిన వైర్లు

మా మేనకోడలు కంప్యూటర్ మీద సంగీతం చేస్తుంది. కిందటి నెల ఇంటికొచ్చినప్పుడు తెర మీద ఒక సింథసైజర్ చూపించింది. నాబ్‌లు బొమ్మలే, హార్మోనియంలా నొక్కే మెట్లు బొమ్మలే, ఒక చోటి నుంచి ఇంకో చోటికి వేలాడే వైర్లు కూడా బొమ్మలే. మౌస్‌తో ఒక వైరు పట్టుకుని ఇంకో కంతలో పెడితే అది కాస్త ఊగి మరీ ఆగింది. ఊగడమెందుకమ్మా అంటే, నిజంలా ఉండడానికట. ఫిల్టర్ ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా, ఏ సిగ్నల్ ఎటు పంపాలి అని అది పుస్తకాలు తిరగేస్తోంది. నీకు తెలిసింది రాసి పెట్టు మావయ్యా అంది. తనలాగే మీరు ఇంకా చాలామంది ఈ పనిలో ఉన్నారని చెప్పింది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను. నాకు తెలిసిందంతా ఒకే ఒక్క మిషన్ గురించి. దాంతో నేను చేసిన పని గొప్పదా, చెడ్డదా అన్నది మీరే చదివి తేల్చుకోండి.

ఎనభైల మొదట్లో మాట. రాజమండ్రి మెయిన్ బజార్లో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి. మా బల్లకి ఎదురుగా ఒక పెద్ద బట్టల కొట్టు ఉండేది. ఆ కొట్టు షావుకారుగారికి చీరలు అమ్మడం వృత్తి, ఆర్కెస్ట్రా నడపడం పిచ్చి. పెళ్ళిళ్ళకీ, దసరా పందిళ్ళకీ ఆయన బృందం వెళ్ళేది. బృందంలో వాయించేవాళ్ళు తొమ్మిదిమంది. మైకు పట్టుకుని మాట్లాడేది మాత్రం ఆయనే, ఇంకెవర్నీ దగ్గరకి రానిచ్చేవారు కాదు. పాటకీ పాటకీ మధ్య ఆయన మాటలు పాటకంటే పొడుగ్గా ఉండేవి.

ఆయనకి ఒక అల్లుడుగారు. ఇల్లరికం. కొట్లో కూర్చోబెడితే ఖాతాదార్లతో కబుర్లలో పడి బేరాలు పోగొట్టేవారు. మనిషి చాలా మంచివారు, ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. ఆర్కెస్ట్రాలో ఏదో ఒకటి వాయిస్తే మర్యాదగా ఉంటుందని మావగారి ఆలోచన. వయొలిన్ పట్టిస్తే అది మూలిగింది. తబలా పట్టిస్తే వేళ్ళు వాచాయి. అప్పుడు కాకినాడ రేవులో ఓడ మీద పనిచేసే బంధువొకడు విదేశం నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చాడు. అందులో మెట్లున్న పొడుగాటి మిషను, దాని నిండా నాబ్‌లు, మూడు వరసల కంతలు, పధ్నాలుగు వైర్లు. ఏ వైరు ఏ కంతలో పెట్టాలో చెప్పే పుస్తకం మాత్రం మనకి చదవడం రాని భాషలో ఉంది.

కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, దాన్ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టబోతుండగా నేను రోడ్డు దాటి పరుగెత్తాను. వెనక అచ్చేసి ఉన్న వోల్టుల అంకె చూపించి, మన కరెంటుకి ఇది రెండు నిమిషాల్లో కాలిపోతుందండీ, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి అని చెప్పాను. ఆ ఒక్క మాటతో ఆయన దృష్టిలో నేను ఇంజనీర్నయిపోయాను. మర్నాటినుంచి నా రేడియో బల్ల మూసి, ఆయన కొట్టు వెనక గదిలో ఆ మిషను ముందు కూర్చున్నాను. నాకు దాని గురించి ఏమీ తెలియదని చెప్పే అవకాశం వచ్చింది కానీ నేను వాడుకోలేదు.

మూడు వారాలు వైర్లు పీకుతూ, గుచ్చుతూ, నాబ్‌లు తిప్పుతూ కాస్త అర్థం చేసుకున్నాను. మీకు తెలిసిన సంగతే, క్లుప్తంగా చెబుతాను. ఒక భాగం శబ్దాన్ని పుట్టిస్తుంది, అది ఆసిలేటర్. పుట్టిన శబ్దం చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. దాన్ని ఫిల్టర్ లోంచి పంపితే పైన ఉన్న కీచుదనం పోయి గుండ్రంగా అవుతుంది. మెట్టు నొక్కితే మిషను లోపల ఆ మెట్టుకి తగ్గంత కరెంటు కదులుతుంది. ఆ కరెంటుని వైరుతో ఆసిలేటర్‌కి ఇస్తే స్వరం మారుతుంది. ఫిల్టర్‌కి ఇస్తే స్వరం మారదు, గొంతు మాత్రం ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. ఎవరికి ఏది ఇవ్వాలన్నది వైర్లు పెట్టేవాడి ఇష్టం. మిషను ఏదీ కాదనదు.

షావుకారుగారు గోడపత్రిక వేయించారు. పది వాయిద్యాలు ఒకే పెట్టెలో అని పెద్ద అక్షరాలు. ఆ పత్రిక చూశాకే, పది శబ్దాలు తయారు చేయాల్సింది నేనని నాకు తెలిసింది. వేణువు నాలుగు రోజుల్లో వచ్చింది. వేణువు వాయించే ఆయన ఐదో రోజు మానేశాడు, మానిపించారు. నేను ఏదో యాదృచ్ఛికం అనుకున్నాను. వయొలిన్ లాంటిది ఒకటి వచ్చింది. వయొలిన్ ఆయనా వెళ్ళిపోయాడు. అప్పటికి నాకు తెలియాలి. తెలిసింది కూడా. కానీ ప్రతి శబ్దం కుదిరినప్పుడూ నాకు కలిగే సంతోషం ముందు ఆ తెలివి నిలవలేదు. ముప్ఫై ఏళ్ళు నిండని వయసు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఇంకెవరూ చేయలేని పని నేను చేస్తున్నానన్న గర్వం.

తర్వాత క్లారినెట్.

క్లారినెట్ మాస్టారికి అరవై దాటాయి. నాటక కంపెనీల్లో వాయించి, పెళ్ళి బ్యాండుల్లో వాయించి, చివరికి మా ఆర్కెస్ట్రాలో చేరారు. ఆదివారం ఉదయం చర్చిలో ఆరాధనకి వాయించేవారు, మిగతా రోజులన్నీ మాకే. కుడి మోకాలు పాడై, ఊరేగింపుల్లో నడుస్తూ వాయించే బ్యాండు పని ఆయనకి పోయింది. కూర్చుని వాయించే చోటు రాజమండ్రిలో మా ఆర్కెస్ట్రా ఒక్కటే. ఆయన ఇల్లు గడిచేది ఆ కుర్చీ మీద. ఇది బృందంలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను చేసిన క్లారినెట్ శబ్దం బాతు అరుపులా ఉండేది. వారం రోజులు కుస్తీ పట్టి, సిగ్గు విడిచి, మధ్యాహ్నం పూట ఆయన్నే వెనక గదికి రమ్మన్నాను. షావుకారుగారు చెప్పమన్నట్టే, సరదాగా నమూనా కోసమండీ అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని నా బాతు అరుపు మొత్తం విన్నారు.

"స్వరం ముందొచ్చేస్తోంది అబ్బాయ్. మనిషి వాయిస్తే ఊపిరి ముందు రావాలి, స్వరం దాని వెనక రావాలి," అన్నారు.

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు. మిషన్‌లో ఉత్త గాలి హోరులా వినిపించే శబ్దం ఒకటుంది. దాన్ని విడిగా ఫిల్టర్‌కి పంపి, స్వరం కంటే కంటి రెప్పపాటు ముందు వచ్చేలా పెట్టాను. మాస్టారు క్లారినెట్ తీసి ఒక్క స్వరం ఊదారు. మళ్ళీ మిషను. మళ్ళీ ఆయన. ఫిల్టర్ కాస్త మూసెయ్, గొంతు పైకి వెళ్తే కాస్త తెరువు అని చెప్పేవారు, ఫిల్టర్ అనేవారు కాదు, పెదవి అనేవారు. పద్దెనిమిది రోజులు వచ్చారు. తప్పుగా ఉంటే ఆయనకి కూర్చోబుద్ధి కాదు. నా వాయిద్యం పేరు పెట్టి తప్పు శబ్దం చేయకు అబ్బాయ్ అని రెండుసార్లు అన్నారు. చివరి రోజున మిషను వాయించింది విని, ఇంక పరవాలేదు అన్నారు. నేను ఆనందంతో ఆయనకి టీ తెప్పించాను.

ఆ టీ తాగిన వారానికి షావుకారుగారు ఆయన్ని పిలిచి, మీకిక విశ్రాంతి అవసరం మాస్టారూ అన్నారు. ఊరికే పంపేయడం ఆయనకి ఇష్టం లేదు, ఘనంగా పంపాలని పట్టుదల. విజయదశమి సాయంత్రం పందిట్లో సన్మానం, శాలువా. అక్కడితో ఆగారా అంటే లేదు. సన్మానానికి ముందు ఒక పోటీ కూడా పెట్టారు. తెర దించుతారు. తెర వెనక అల్లుడుగారు మిషను మీద ఒకసారి, మాస్టారు క్లారినెట్ మీద ఒకసారి ఒకే కీర్తన వాయిస్తారు. ఎవరు మనిషో, ఏది మిషనో ప్రేక్షకులు చెప్పాలి. చెప్పలేరని షావుకారుగారి నమ్మకం. అలా చెప్పలేకపోతే మాస్టార్ని తీసేసినందుకు ఊళ్ళో ఎవరూ వేలెత్తి చూపించరని కూడా ఆయన లెక్క.

మాస్టారు వస్తారనుకోలేదు. వస్తానన్నారు. ఎందుకు ఒప్పుకున్నారండీ అని ఆయన్ని అడిగితే, ఆ రోజన్నా కూర్చుని వాయించొచ్చు కదా అన్నారు. నేను తల వంచుకుని వైర్లు సర్దుకున్నాను.

ఇక్కడ మా కొట్టు ఆచారం ఒకటి చెప్పాలి. మహర్నవమి నాడు కొట్లో పనిముట్లన్నీ అమ్మవారి పటం ముందు పెట్టేవారు. కొలబద్దలు, కత్తెరలు, తాళాలు, షావుకారుగారి స్కూటరు. ఆ ఏడు మిషన్ని కూడా పెట్టారు. నేను ఆ రోజు కాకినాడలో మా అక్కయ్య ఇంట్లో ఉన్నాను. వెళ్ళేముందు ఏ వైరు ఎక్కడో ఒక నోటుబుక్కులో బొమ్మ గీసి, అల్లుడుగారి చేతికిచ్చి, మిషన్ని ముట్టుకోకండి, బొట్టు పైన పెట్టి వదిలేయండి అని బతిమాలాను. అలాగేనండి అన్నారు. ఆయన ఎవర్నీ కాదనలేరు. వాళ్ళావిడ వచ్చి, వైర్లు కూడా పనిముట్లే కదా అంటే ఆవిడనీ కాదనలేకపోయారు.

పధ్నాలుగు వైర్లూ పీకి, పసుపు నీళ్ళల్లో తడిపిన గుడ్డతో తుడిచి, ప్రతి కొసకీ బొట్టు పెట్టారు. నా నోటుబుక్కు కూడా పూజలో ఉంది. బొమ్మ గీసిన పేజీ మీదే పసుపు ముద్దతో ఓంకారం రాశారు. దాని కింద ఏముందో అమ్మవారికే తెలియాలి. దశమి ఉదయం అల్లుడుగారు వైర్లు తిరిగి పెట్టారు. బొమ్మ లేకపోతేనేం, ఆయనకి వచ్చిన పద్ధతి ఒకటుంది. కొట్లో చీరలు ఎలా సర్దుతారో అలా, ఎర్రవన్నీ పై వరసలో, పచ్చవి మధ్యలో, నల్లవి కింద. నేను ఏ రంగు చేతికొస్తే అది వాడినవాణ్ణి. ఆయన పని ముగించాక మిషను చూడ్డానికి ఎంత బాగుందంటే, షావుకారుగారు మెచ్చుకుని, ఇన్నాళ్ళూ ఇలా ఎందుకు సర్దలేదని నా గురించి అడిగారట.

నేను కాకినాడ నుంచి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. బస్సు దారిలో ఆగిపోయింది. పందిరి నిండిపోయింది. మిషను అప్పటికే తెర వెనక ఉంది. షావుకారుగారు తెర ముందు మైకు పట్టుకుని మొదలుపెట్టేశారు. నేను తెర వెనకే, మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ దగ్గర కూర్చుని మిషను వంక చూశాను. రంగుల వరసలు చూడగానే వైర్ల మీదికి వంగాను. ఏది ఎక్కడుందో చూసుకునే లోపల బయట నుంచి, ఇప్పుడు ఒకటో నంబరు వినండి అన్నారు. ఒకటో నంబరంటే మిషను. ఇది ఆయన ముందే నిర్ణయించారు, మాకు తెలుసు, ప్రేక్షకులకి తెలియదు.

అల్లుడుగారు మెట్టు నొక్కారు. చక్కటి స్వరం. రెండో మెట్టు నొక్కారు. అదే స్వరం, కాస్త నోరు తెరిచినట్టు. మూడోది నొక్కారు. అదే స్వరం, ఇంకాస్త తెరిచినట్టు. ఓ అంది, ఆ అంది, ఈ అంది, స్వరం మాత్రం అంగుళం కదల్లేదు. మెట్ల నుంచి ఆసిలేటర్‌కి వెళ్ళాల్సిన వైరు ఫిల్టర్‌కి వెళ్ళింది. రెండు వైర్లు మార్చాలి, అంతే. ఎన్నో వందల రేడియోలు బాగుచేసిన చెయ్యి, అలవాటు కొద్దీ అటే వెళ్ళింది. ఎర్ర వైరు పట్టుకున్నాను.

మాస్టారు పక్కనే కుర్చీలో ఉన్నారు, తన వంతు కోసం. అల్లుడుగారి నుదుటి మీంచి చెమట మెట్ల మీద పడుతోంది. బయట జనం నిశ్శబ్దంగా ఉన్నారు, ఇది ఆలాపన అనుకున్నారేమో.

"ఉండనీ అబ్బాయ్. శ్రుతి బానే ఉంది," అన్నారు మాస్టారు.

అల్లుడుగారికి వేలు అలాగే నొక్కి ఉంచమని సైగ చేసి, క్లారినెట్ పెదాలకి పెట్టుకున్నారు. నేను వైరు వదిలేశాను. మిక్సర్ మీద ఆయన మైకు ఇంకా తెరవలేదు. అది నేనే పెంచాను. ఎవరూ నన్ను పెంచమనలేదు.

ఆయన వాయించారు. మిషను కింద శ్రుతిగా నిలబడింది, ఆయన దాని మీద కీర్తన మొత్తం నడిపించారు. రెండూ ఒకే మిక్సర్ లోంచి, ఒకే స్పీకరు బాక్సుల్లోంచి బయటికి వెళ్తున్నాయి, కాబట్టి అవతలివాళ్ళకి ఒకటే. మధ్యలో లైట్ల వేడికి ఆసిలేటర్ శ్రుతి కాస్త జారింది, ఇలాంటి పాత మిషన్లకి అది మామూలే. ఆయన పెదవి వదులు చేసి దాంతోపాటు దిగారు. అది విన్నది నేనొక్కణ్ణే. అంత బాగా ఆయన వాయించడం నేను అంతకు ముందు వినలేదు. నా కళ్ళు తడిశాయని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

చప్పట్లు ఆగాక షావుకారుగారు, ఇప్పుడు రెండో నంబరు అన్నారు. రెండో నంబరంటే మాస్టారు. ఆయన ఒక గ్లాసు నీళ్ళు తాగి, అదే కీర్తన మళ్ళీ వాయించారు. ఈసారి కింద మిషను శ్రుతి లేదు. ఊపిరి అప్పటికే సగం అయిపోయింది. బాగానే వాయించారు, మొదటిసారి అంత కాదు.

తెర ముందు వరసలో ఊళ్ళో పేరున్న సంగీత విద్వాంసులొకరు ఉన్నారు. షావుకారుగారు మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు. విద్వాంసులుగారు తడుముకోకుండా తీర్పు చెప్పారు. మొదటిది మనిషి, అందులో ప్రాణం ఉంది. రెండోది యంత్రం, ఎక్కడికక్కడ తెగినట్టుంది, ఎంత చేసినా యంత్రం యంత్రమే. పందిట్లో చాలామంది తలలూపారు.

షావుకారుగారి ఆనందానికి హద్దు లేదు. మీరు పొరపడ్డారండీ, మొదటిదే మా మిషను అని ప్రకటించారు. విద్వాంసులుగారు ఒక్క క్షణం ఆగి, అదే అనుకున్నాను, శ్రుతి అంత నిక్కచ్చిగా నిలబడటం మనిషికి సాధ్యం కాదు అన్నారు. జనం మళ్ళీ తలలూపారు. తెర లేచింది. మాస్టారు కుర్చీలోంచి కష్టం మీద లేచి నిలబడ్డారు, శాలువా కప్పించుకున్నారు. ఎన్నాళ్ళో సేవ చేశారు, ఇక విశ్రాంతి తీసుకోండి అని షావుకారుగారు మైకులో అన్నారు. మాస్టారు నమస్కారం పెట్టారు. తెర వెనక ఉన్నది మాస్టారు, అల్లుడుగారు, నేను, ముగ్గురమే. ముగ్గురం నోరు విప్పలేదు. మాస్టారు ఎందుకు విప్పలేదో నాకు తెలియలేదు. నేను ఎందుకు విప్పలేదో మాత్రం తెలుసు. నన్ను అందరూ భుజం తట్టి, మిషన్‌కి ఊపిరెలా పెట్టావయ్యా అని అడుగుతున్నారు. నేను నవ్వుతున్నాను.

మర్నాడు ఉదయం అల్లుడుగారు నన్ను వెంటబెట్టుకుని మాస్టారి ఇంటికి తీసుకెళ్ళారు. రాత్రంతా ఆలోచించి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రతి కచేరీకీ మాస్టారు తెర వెనక కూర్చుని వాయిస్తారు. తెర ముందు తను మెట్లు నొక్కుతూ ఉంటారు, మిషను దీపాలు వెలుగుతూ ఉంటాయి. మావగారికి మిషను దక్కుతుంది, మాస్టారికి కుర్చీ దక్కుతుంది, తనకి మర్యాద దక్కుతుంది. నా పని కూడా నాకు ఉంటుంది. నాకైతే ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదనిపించింది. ఎవరికీ నష్టం లేదు కదా.

మాస్టారు గుడ్డతో క్లారినెట్ తుడుస్తూ అంతా విన్నారు.

"నా పేరు చెప్పి ఆ మిషను వాయిస్తే ఊరుకున్నాను బాబూ. దాని పేరు చెప్పి నేనింక వాయించలేను," అన్నారు.

కోపంగా అనలేదు. అల్లుడుగారు ఇంకో రెండుసార్లు నచ్చజెప్పబోయారు. మాస్టారు భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి లేచొచ్చేశాం.

తర్వాతి కచేరీ కాకినాడలో ఒక పెళ్ళి రిసెప్షన్. ఆ పెళ్ళికూతురి తండ్రి దసరా పందిట్లో మిషను విని, అదే కావాలని ఏరికోరి పిలిపించారు. నేను వైర్లన్నీ సరిగ్గా పెట్టాను. పసుపు గీకి, ప్రతి కొసా స్పిరిట్‌తో తుడిచాను. ప్రతి స్వరం పలికింది. ఊపిరి ముందొచ్చింది, స్వరం దాని వెనకొచ్చింది, పద్దెనిమిది రోజులు మాస్టారు చెప్పినట్టే. నా జీవితంలో అంతకంటే బాగా ఏ మిషన్నీ తయారు చేయలేదు. పాట సగంలో పెళ్ళికూతురి తండ్రి లేచొచ్చి షావుకారుగారి చెవిలో ఏదో అన్నారు. ఆ రోజు విన్నది ఇది కాదండీ అన్నారని తర్వాత తెలిసింది.

మర్నాడు కొట్లో పంచాయితీ. షావుకారుగారు గద్దె మీద, అల్లుడుగారు పక్కన, నేను ఎదురుగా నిలబడి. దసరా నాడు అంత గొప్పగా వాయించిన మిషన్ని ఏం చేశావని అడిగారు. వైర్లు మార్చానండీ అన్నాను. చక్కగా రంగుల ప్రకారం సర్ది, పూజ చేసి ఇస్తే ఎందుకు కెలికావన్నారు. అన్నీ మళ్ళీ దశమి రోజున ఉన్నట్టే పెట్టమన్నారు. అలా పెడితే అది ఒక్క స్వరమే అంటుందండీ అన్నాను. మరి ఆ రోజు కీర్తన అంతా ఎలా అందని అడిగారు.

అప్పుడు చెప్పేశాను. ధైర్యం వచ్చి కాదు. ఉద్యోగం ఎలాగూ పోయేటట్టుంది, తప్పు నా నెత్తిన పడుతోంది, అందుకని చెప్పాను. ఆ రోజు రెండుసార్లూ వాయించింది మాస్టారేనండీ, మిషను కింద శ్రుతి మాత్రం ఇచ్చింది అన్నాను. ఆయన్ని తిరిగి తీసుకోండి, మిషను శ్రుతికి బావుంటుంది, ఆయన కుర్చీ ఆయనకివ్వండి అని కూడా అన్నాను.

షావుకారుగారు అల్లుడుగారి వైపు తిరిగి, నిజమేనా అల్లుడుగారూ అని అడిగారు. అల్లుడుగారు ఫ్యాను వంక చూసి, నేను మెట్లు నొక్కానండీ, అంతవరకే నాకు తెలుసు అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

షావుకారుగారికి కోపం రాలేదు. నా మీద జాలి పడ్డట్టున్నారు.

"ఆయన అంత బాగా వాయించేవారైతే నేనెందుకు తీసేస్తానయ్యా?" అన్నారు.

ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. వైర్లు మళ్ళీ ఎప్పుడూ కెలకొద్దని చెప్పి, చీర ముక్క ఒకటిచ్చి, మిషను మీద దుమ్ము పడకుండా కప్పమన్నారు. నేను అక్కడ ఇంకా నాలుగేళ్ళు పనిచేశాను. మాస్టారి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఆ పంచాయితీ జరిగిన సాయంత్రమే మాస్టారి ఇంటికి వెళ్ళి, జరిగిందంతా చెప్పాను. తిరిగి తీసుకునేటట్టు లేరని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన మోకాలికి ఏదో తైలం రాసుకుంటున్నారు. షావుకారుగారు అడిగిన ప్రశ్న చెప్పగానే రాసుకోవడం ఆపారు.

"మరి ఎందుకు తీసేశారో నువ్వు చెప్పలేకపోయావా?" అన్నారు.

చెప్పలేకపోయానండీ అన్నాను. మిషను మీద ఆ శబ్దం చేసిందీ, అది కుదిరిన రోజున పరుగెత్తుకెళ్ళి, క్లారినెట్ వచ్చేసిందండీ అని షావుకారుగారికి చెప్పిందీ నేనే. ఆ మాట మాస్టారి ముందు నోటికి రాలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.